మీ వంక (చిన్న వాగు) నీళ్ల లెక్క మీరే వేసుకోవడం ఎలా? రబీ విత్తనం కొనకముందే!

మా చిన్నాన్న ఒకే చేనులో ఐదు బోర్లు వేశాడు. మొదటిది 180 అడుగుల దగ్గరే నీళ్లిచ్చింది. ఐదోది 900 అడుగులు దిగినా తెల్లటి బండ దుమ్మే లేచింది. ప్రతిసారీ పాయింట్ పెట్టే ఆయన వచ్చేవాడు, అరచేతి మీద కొబ్బరికాయ లేచి నిలబడేది, మేమంతా చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. ఎక్కడ తవ్వాలని ఐదుసార్లు అడిగాం గానీ, కింద అసలు ఎన్ని నీళ్లున్నాయని ఒక్కసారీ అడగలేదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు ఊళ్లోనే దొరుకుతుంది. ఒక డబ్బా, ఒక డ్రమ్ము, గుర్తులు పెట్టిన వైరు, ఒక నోటుబుక్కు, నలుగురు మనుషులు చాలు. నేను చెప్పేది చిత్రావతి, పాపాఘ్ని, పెన్న ఒడ్డు ఊళ్ల సంగతి. రాతి నేల, బోరు మీద బతుకు ఉన్న ఊరు ఏదైనా, తెలంగాణలో అయినా, పద్ధతి ఇదే.

ఊరి లెక్క అనకుండా వంక లెక్క అని ఎందుకన్నానో ముందు చెప్పాలి. నీళ్లకు ఊరి హద్దూ రాష్ట్ర హద్దూ తెలియవు. పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటాక సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. అందులో 6,937 కర్ణాటకలో, మిగతాదంతా మన దగ్గర ఉంది. పెన్నలో కలిసే చిత్రావతి, పాపాఘ్ని కూడా పుట్టింది కర్ణాటకలోనే. నది నీళ్ల కోసం 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. కింది వాళ్ల అనుమతి లేకుండా పైన కొత్త కట్టడాలు కట్టకూడదని దాని సారాంశం. ఆ జాబితాలో పెన్న, చిత్రావతి, పాపాఘ్ని కూడా ఉన్నాయి. మరి నేల కింద నీళ్లు? వాటికి పంపకాల కాగితం లేదు. పక్కనున్న కృష్ణా సంగతి చూడండి. బచావత్ ట్రిబ్యునల్ చుక్క చుక్కా పంచింది గానీ, భూగర్భ జలాన్ని ఏ రాష్ట్రం ఎంత తోడుకున్నా దాన్ని కృష్ణా నీళ్ల వాడకం కింద లెక్కించబోమని తన తీర్పులోనే రాసేసింది.

కాగితం మీద నది వేరు, బోరు వేరు. నేలలో మాత్రం రెండూ ఒకటే. వానలు ఆగాక కూడా చిత్రావతిలో నెలల తరబడి సన్నగా నీళ్లు పారేవని ముసలివాళ్లు చెబుతారు. అవి ఒడ్డున ఉన్న నేలలోంచి ఊరి వచ్చిన నీళ్లే. ఏటి ఇసుకలో ఊట కాలువలు తవ్వి పొలాలు పండించుకున్నది ఆ నీళ్లతోనే. బోర్లు ఆ మట్టాన్ని ఏటి అడుగు కంటే కిందికి దించేశాయి. ఊట ఆగిపోయింది. పైన ఎవరూ ఆనకట్ట కట్టకపోయినా ఏరు ఎండుతుంది.

ముందు నీళ్లు చీలే మిట్ట పట్టుకోండి

గట్టి వాన పడే రోజు గొడుగు తీసుకుని బయల్దేరండి. ఊరి చుట్టూ ఉన్న మిట్టల మీద ఏ చోట నీళ్లు రెండుగా చీలి ఇటు కొన్ని, అటు కొన్ని పోతున్నాయో చూడండి. ఆ చోట్లన్నీ కలిపితే వచ్చే గీతే మీ లెక్కకు హద్దు. రెవెన్యూ హద్దు దీనికి పనికిరాదు. మా దగ్గర ఒక వంక కింద మూడు గ్రామాలు ఉన్నాయి. ఒక గ్రామంలో సగం ఇంకో వంకలోకి పోతుంది. మన గ్రానైటు నేలల్లో పైపొర నీళ్లు దాదాపు నేల వాలును బట్టే కదులుతాయి కాబట్టి, పైన నీళ్లు చీలే మిట్టే కింద కూడా హద్దని పట్టుకోవచ్చు. లోతు పగుళ్లు ఈ మాట వినవు. వాటిని పక్కన పెట్టండి.

గొర్రెల కాపరిని వెంట తీసుకెళ్లండి. ఏ కుంట ఎప్పుడు అలుగు పారింది, ఏ వంకకు ఎక్కడ గండి పడింది, అన్నీ ఆయన నోటి మీద ఉంటాయి. ఇంటికొచ్చాక గ్రామ పటాలు పక్కపక్కన పెట్టి గీత గీయండి. సచివాలయంలో సర్వేయరును అడిగితే విస్తీర్ణం కట్టిపెడతాడు. అందులోంచి నిటారు గుట్టలను తీసేయండి. అక్కడ పడిన వాన ఇంకదు, జారిపోతుంది.

బోర్ల జాబితా

ఆడే బోర్లు, ఎండిపోయినవి, వేసవిలో గ్యాప్ ఇచ్చేవి (ఆగి ఆగి పోసేవి), పాత బావులు, అన్నీ రాయండి. ఏ సంవత్సరం వేశారు, ఎన్ని అడుగులు, మోటారు ఎన్ని హెచ్‌పీ, కింద ఏం పంట, అంతే. ‘ఎందుకు రాస్తున్నావు, మీటర్లు పెట్టడానికా?’ అని మొదటి ఇంట్లోనే అడుగుతారు. అది న్యాయమైన అనుమానమే. అందుకే పుస్తకంలో పేర్లు రాయకండి, నంబర్లు వేయండి. ఆ నంబరునే పెయింటుతో స్టార్టర్ డబ్బా మీద రాయండి. ఎండిపోయిన బోర్లను వదిలేయకండి. రైతుల్ని కదిలించే అంకె అదే. ఊళ్లో వేసినవి ఎన్ని, ఇప్పుడు ఆడుతున్నవి ఎన్ని అని పక్కపక్కన రాసి చూపించినప్పుడు రచ్చకట్ట మీద గలాటా ఒక్క నిమిషం ఆగిపోతుంది.

ఈ పని చేసేటప్పుడే మూత లేని బోరు కనిపిస్తే వెంటనే మూయించండి. రాళ్లు పెట్టి వదిలేయకండి. ఇనుప మూత బిగించండి, లేదా అడుగు దాకా మట్టితో పూడ్చండి.

వాన డబ్బా

అడుగు చదునుగా, పక్కలు నిటారుగా ఉన్న డబ్బా ఏదైనా చాలు. చెట్టుకూ గోడకూ దూరంగా, వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో, మేకలు తన్నని చోట కట్టండి. రోజూ ఉదయం 8:30కి స్కేలు పెట్టి మి.మీ.లో చూసి, రాసి, ఒంపేయండి. సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మండల కేంద్రం వాన లెక్క ఉంది కదా అనుకోకండి. మన సీమ వాన సంగతి తెలిసిందే, ఎద్దు ఒక కొమ్ము తడిసి రెండో కొమ్ము ఎండుతుంది. వంక పొడుగునా కనీసం మూడు డబ్బాలు పెట్టుకోండి.

నీటి మట్టం: తప్పంతా ఇక్కడే జరుగుతుంది

వంక తల దగ్గర రెండు, నడుమ రెండు, కింద రెండు బోర్లు ఎంచుకోండి. నీళ్లుండీ వాడకుండా వదిలేసిన బోరు దొరికితే అదృష్టం. నెలకోసారి ఒకే తేదీన కొలవాలి.

రెండు తీగల వైరు తీసుకుని, చివర ఇన్సులేషన్ గీకి, రెండు కొసలు ఒకదానికొకటి తగలకుండా కట్టి, చిన్న బరువు వేలాడదీయండి. ప్రతి మీటరుకూ రంగు టేపు చుట్టండి. పై కొసలకు మల్టీమీటర్ తగిలించండి. కొసలు నీళ్లను తాకగానే మీటరులో అంకె కదులుతుంది. అక్కడ వైరును వేళ్లతో పట్టుకుని పైకి లాగి కొలవండి. కేసింగ్ (బోరు నోటి దగ్గరి పైపు) నేల మీద ఎంత ఎత్తుందో అంత తీసేయండి.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాట్లు రెండు చెబుతాను. ఒకటి, తీరిగ్గా తొమ్మిదింటికి వెళ్లి కొలిచాను. అప్పటికే కరెంటు వచ్చి ఆటో స్టార్టర్ మోటారును ఆడించేసింది. నేను రాసుకున్నది మోటారు తోడేటప్పటి మట్టం. అసలు మట్టం దానికి చాలా పైన ఉంది. ‘ఊళ్లో నీళ్లు అయిపోయాయి’ అని నేను ప్రకటిస్తే అందరూ నవ్వారు. రాత్రంతా మోటారు ఆగాక, తెల్లవారి, కరెంటు రాకముందు కొలవాలి. చుట్టుపక్కల బోర్లు కూడా ఆగి ఉండాలి. రెండోది ఇంకా ఘోరం. వైరు మోటారు పైపుకు చుట్టుకుని ఇరుక్కుంది. నేను బలంగా లాగాను, తెగిపోయింది. మెకానిక్ వచ్చి పైపులన్నీ పైకి తీసేదాకా ఆ రైతు నాతో మాట్లాడలేదు. ఇరుక్కుంటే లాగకండి. వదులు చేసి, తిప్పి, నెమ్మదిగా తీయండి. వైరు దించే ముందు స్టార్టర్ ఫ్యూజులు పీకి మీ జేబులో పెట్టుకోండి.

మీ రీడింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి, రాష్ట్ర భూగర్భ జల శాఖకు దగ్గర్లో ఎక్కడ పరిశీలన బోరు ఉందో కనుక్కుని దాని అంకెలు తెచ్చుకోండి. మీ మట్టం, దాని మట్టం ఒకే సంఖ్య కానక్కర్లేదు. పెరగడం, తగ్గడం మాత్రం ఒకేలా ఉండాలి.

డ్రమ్ము, ఫోను

బోరు వేసిన రోజు బండి వాళ్లు ‘మూడించులు పడింది’ అంటారు. అది కంప్రెసర్ గాలికి ఎగదన్నిన నీళ్లను చూసి చెప్పిన మాట. ఇప్పుడు మీ మోటారు పోస్తున్నది ఎంతో దాంతో తెలియదు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, మోటారు ఆడించిన అరగంట తర్వాత, ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోనులో చూడండి. 100 సెకన్లయితే సెకనుకు 2 లీటర్లు. గంటకు 7,200 లీటర్లు. అన్ని బోర్లూ కొలవలేకపోతే పదింట్లో మూడు కొలిచి సగటు తీయండి.

లెక్క

ఊళ్లో లెక్క చెప్పేటప్పుడు ఘనపు మీటరు అనకండి, ఎవరికీ ఎక్కదు. ఒక ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు. మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు అందరికీ తెలుసు. అందుకే ‘ట్యాంకు’ అనండి. ఎకరం మీద 1 మి.మీ. నీళ్లు నిలిపితే దాదాపు 4 ట్యాంకులు, హెక్టారు మీద అయితే 10.

ఉదాహరణకు ఒక వంక అనుకుందాం. గుట్టలు తీసేయగా 1,000 హెక్టార్లు. జూన్ నుంచి అక్టోబరు మూడో వారం దాకా డబ్బాలో 350 మి.మీ. పడింది. మొత్తం పడిన నీళ్లు 35 లక్షల ట్యాంకులు. వినడానికి సముద్రంలా ఉంటుంది. అందులో కిందికి దిగేది ఎంత? భూగర్భ జలాల అంచనాకు కేంద్రం వాడే పద్ధతిలో, బంకమన్ను తక్కువున్న గ్రానైటు నేలకు నూటికి 11 పాళ్లు, బంకమన్ను ఎక్కువుంటే 8 పాళ్లు అని పెట్టారు. 11 తీసుకుంటే 3,85,000 ట్యాంకులు. మిగతాదంతా వంకలో పారిపోయేది, మట్టిని తడిపేది, ఎండకు ఆవిరయ్యేది.

చెరువు కింద కూడా ఇంకుతుంది, రోజుకు 1.4 మి.మీ. చొప్పున. సగటున 20 హెక్టార్ల మీద నీళ్లు నూరు రోజులు నిలిస్తే 28,000 ట్యాంకులు. రెండూ కలిపి జమ 4,13,000.

ఇప్పుడు ఖర్చు. తాగడానికి, ఇంటి వాడకానికి మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున 1,500 మందికి ఏడాదికి 30,000 ట్యాంకులు. 600 పశువులకు రోజుకు 50 లీటర్ల చొప్పున 11,000. వంకలోకి ఊరిపోయేదీ, మన చేతికి అందనిదీ పదో వంతు, అంటే 41,000. ఇది వృథా అనుకోకండి. పైన చెప్పిన ఏటి ఊట ఇదే, కింది ఊరి వాటా కూడా ఇదే. దీన్ని కూడా పంటకే రాసుకుంటే కింది వాళ్ల నోటి దగ్గరి నీళ్లు లాక్కున్నట్టే. ఇవి తీసేస్తే సాగుకు 3,31,000. ఖరీఫులోనే 60 బోర్లు, సెకనుకు 2 లీటర్లు, రోజుకు 6 గంటలు, 50 రోజులు ఆడాయి. ఇంచుమించు 1,30,000 పోయింది. రబీకి మిగిలింది 2,01,000.

లెక్క నమ్మొచ్చా? ఇంకో వైపు నుంచి సరిచూడండి. మే నెల మట్టానికీ అక్టోబరు మట్టానికీ తేడా తీయండి. మట్టం 1.4 మీటర్లు పెరిగిందనుకుందాం. మన రాతి నేలలో ఖాళీ చాలా తక్కువ. పగుళ్లలో, పొరల్లో కదిలే నీళ్లకు దొరికే చోటు నూటికి ఒకటిన్నర నుంచి మూడు పాళ్లే. 2 పాళ్లు వేసుకుంటే 1,000 హెక్టార్లలో 1.4 మీటర్ల పెరుగుదల 2,80,000 ట్యాంకులు. ఆ వానాకాలంలోనే తోడేసిన 1,30,000 దానికి కలిపితే 4,10,000. వాన లెక్క 4,13,000 అంది. నిజం లెక్కల్లో ఇంత దగ్గరగా రావు. నూటికి ఇరవై తేడా వచ్చినా ఫర్వాలేదు. రెట్టింపు తేడా వస్తే మాత్రం ఏదో కొలత తప్పింది, ముందు హద్దును, తర్వాత బోర్ల సంఖ్యను మళ్లీ చూడండి.

ఇక రైతులు వేయాలనుకుంటున్నది రాయండి. 25 ఎకరాలు వరి, 80 ఎకరాలు వేరుశనగ, 20 ఎకరాలు టమాటా. వరికి 1,200 మి.మీ., వేరుశనగకు 500, టమాటాకు 600 అని స్థూలంగా పట్టుకోండి. పొలానికి పెట్టిన నీళ్లలో కొంత తిరిగి కిందికి ఇంకుతుంది. మట్టం 25 మీటర్లకు కింద ఉన్న చోట వరి మళ్లలోంచి నూటికి 20, మిగతా పంటల్లోంచి 5. అవి తీసేస్తే:

వరికి 97,000
వేరుశనగకు 1,54,000
టమాటాకు 46,000
మొత్తం 2,97,000. ఉన్నది 2,01,000.

96,000 ట్యాంకులు లోటు. ఈ లోటే ఫిబ్రవరి నెలాఖరులో, సరిగ్గా కాయ ఊరే వేళకు బోరు గ్యాప్ ఇవ్వడం రూపంలో కనబడుతుంది. అప్పుడు అప్పు తెచ్చి కొత్త బోరు వేస్తారు. ఆ కొత్త బోరు కొత్త నీళ్లు తేదు, పక్కవాడి బోరులో నీళ్లు తెస్తుంది.

లోటు పూడ్చే దారి కూడా ఈ పుస్తకంలోనే ఉంది. వరిలో 20 ఎకరాలు తగ్గించి, ఆ 20లో 200 మి.మీ.తో సరిపెట్టుకునే శనగో మరో ఆరుతడి పంటో వేస్తే 62,000 మిగులుతుంది. వేరుశనగ మొత్తం స్ప్రింక్లర్ల కిందికి వచ్చి నాలుగో వంతు నీళ్లు ఆదా అయితే ఇంకో 38,000. లక్ష వచ్చింది, లోటు తీరింది. ఒక్క మెలిక ఉంది. స్ప్రింక్లరో డ్రిప్పో పెట్టుకున్న రైతు మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు సాగులోకి తెస్తే బోరులోంచి వచ్చేది అంతే, ఊరికి మిగిలేది సున్నా. సబ్సిడీ పైపులు చూసి నీళ్లు ఆదా అయ్యాయని మురిసిపోయే ముందు విస్తీర్ణం పెరిగిందా అని అడగండి.

అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి కదా అంటారు. పడ్డాక కలుపుకోండి.

రచ్చకట్ట మీద

సభ అక్టోబరు ఆఖరి వారంలో, విత్తన కాయలు కొనకముందు పెట్టండి. కొన్నాక ఎన్ని లెక్కలు చెప్పినా ఎవరూ వినరు. నేనూ వినను. అంకెలు గోడ మీద పెద్దగా రాయండి. జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు, అందరికీ తెలిసిన కిరాణా కొట్టు పద్దులాగా. ఆడవాళ్లు రాని సభ పెట్టకండి. వేసవిలో బిందె పట్టుకుని నిలబడేది వాళ్లే, తాగునీటి కింద 30,000 ట్యాంకులు ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగా అనేదీ వాళ్లే.

ఎవరు ఏం వేయాలో చెప్పకండి. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2000ల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ‘ఏపీఎఫ్ఏఎంజీఎస్’ (ఆంధ్రప్రదేశ్ రైతులే నడుపుకునే భూగర్భ జల వ్యవస్థలు) అనే పథకం నడిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లు కొలిచారు, రబీకి ముందు వంకల వారీగా పంట నీటి పద్దు వేసుకున్నారు. అక్కడ ఎవరికీ జరిమానా లేదు, ఫలానా పంట వేయొద్దన్న ఆంక్ష లేదు. లెక్క గోడ మీద కనబడింది, ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు, చాలా చోట్ల వరి తగ్గింది. పరోపకారం కోసం తగ్గించారని నేను అనను. మునిగిపోయే పెట్టుబడి ఎవరికి ఇష్టం?

అయితే ఒప్పందం ఒకటి మాత్రం నోటిమాటగా వదలకండి, కాగితం మీద పెట్టుకోండి. బోరు ఉన్నవాళ్లు, ఎండిపోయినవాళ్లు కలిసి నాలుగైదు బోర్లను ఒకే పైపులైనుకు కలిపితే, బోరు లేని రైతుకు కీలకమైన రెండు తడులు అందుతాయి. దానికి బదులుగా ఆయన పదేళ్లు కొత్త బోరు వేయనని సంతకం పెట్టాలి. సంతకం లేని చోట మూడో ఏడాదికి బండి వచ్చి నిలబడుతుంది, అది నేను చూశాను.

చట్టం తోడు కావాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు కొత్త సాగు బోరు వేయకూడదు. తహసీల్దారుకు అర్జీ పెట్టొచ్చు. రాత్రి పదకొండుకు వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోయే రిగ్గు బండి ముందు అర్జీ ఎంతవరకు నిలుస్తుందో మీకూ తెలుసు. అందుకే ముందు పొరుగువాళ్లను ఒప్పించండి.

పై ఊరు, కింది ఊరు

దీన్ని వదిలేస్తే మిగతా పనికి సగమే విలువ. మీ వంక తల ఎవరి చేతిలో ఉంది, కాలు ఎవరి చేతిలో ఉంది? రెండు ఊళ్ల నుంచి చెరో ఇద్దరిని మీ సభకు పిలవండి. మీరు వాళ్ల సభకు వెళ్లండి. ఒకే తేదీన మట్టం కొలిచి, ఒకే వాట్సాప్ గ్రూపులో పెట్టుకోండి. బోరు నంబరు, తేదీ, మీటర్లు, అంతే. శుభోదయాలకు అందులో చోటివ్వకండి.

పై ఊరు కర్ణాటకలో ఉన్నా భయపడక్కర్లేదు. బాగేపల్లి వైపు బజారులో తెలుగే వినబడుతుంది, మన సంబంధాలు సగం అక్కడే కదా. చిత్రావతి మీద అక్కడ పరగోడు ఆనకట్ట కట్టినప్పుడు బుక్కపట్నం చెరువు గతేమిటని ఎంత గొడవ జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ గొడవ అంతా కట్ట గురించే జరిగింది. కట్టకు రెండు వైపులా ఉన్న వేల బోర్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. కర్ణాటకలో అటల్ భూజల్ పథకం కింద గ్రామ పంచాయతీలే నీటి బడ్జెట్లు తయారు చేశాయి. ఆ పథకం జాబితాలో మన రెండు రాష్ట్రాలూ లేవు. కర్ణాటక వాళ్ల బడ్జెట్ కాగితాలు వాళ్ల పంచాయతీలోనే ఉంటాయి, అడిగి తెచ్చుకోండి. వాళ్ల లెక్కలో తల భాగం, మీ లెక్కలో నడుమ భాగం కలిస్తే వంక మొత్తం కళ్ల ముందుకొస్తుంది.

ఇంకొకటి కూడా అడగండి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ్, నాగవార లోయల నుంచి చిక్కబళ్లాపురం చెరువులకు ఎత్తిపోస్తున్నారు, భూగర్భ జలం పెరగాలని. మీ పైన ఉన్న చెరువు వాటిలో ఒకటేనా అని తెలుసుకోండి. అవునంటే ఏడాదికోసారి మీ తాగునీటి బోరు నీళ్లను పరీక్షకు పంపండి. కాకపోయినా పంపండి. బోరు లోతుకు పోయేకొద్దీ మన రాళ్లలోంచి ఫ్లోరైడు దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు.

నీళ్లు ఇంకించే పనులు

చెక్‌డ్యాము అడగడం అందరికీ ఇష్టమే, బిల్లులు పెట్టేవాళ్లకు మరీ ఇష్టం. కానీ వంకలో పారేది ఎంతో మీ డబ్బా లెక్కలోనే ఉంది. తల దగ్గర వరుసగా పది కడితే కింది చెరువు అలుగు పారడం మరిచిపోతుంది. కొత్తది కట్టే ముందు పాత చెరువుకు వచ్చే వంకల్లో ముళ్ల కంపలు కొట్టించండి, ఆక్రమణలు తీయించండి, తూము బాగు చేయించండి, పూడిక తీసి చేలకు తోలుకోండి. హంద్రీ-నీవా కాలువ దగ్గర్లో ఉంటే, శ్రీశైలం నుంచి వచ్చే ఆ కృష్ణా నీళ్లను నేరుగా మళ్లకు పారించడం కంటే చెరువు నింపమని అడగండి. చెరువు నిండితే దాని కింది బోర్లన్నీ ఊరతాయి.

ఎండిన బోరులోకి వాన నీళ్లు దించాలనుకుంటే చుట్టూ గుంత తవ్వి రాళ్లు, కంకర, ఇసుక పొరలు వేయాల్సిందే. మందులు కొట్టిన చేలోంచి వచ్చే బురద నీళ్లను నేరుగా పంపితే ఆ విషం పక్క బోరులోకే వస్తుంది. ఏటి ఇసుకను కూడా నీళ్లు దాచే పొరగానే చూడండి. ట్రాక్టర్లు తోలుకుపోయేది అదే.

మే నెల

ఎండాకాలంలో ఈ పని ఎవరికీ గుర్తుండదు, అందుకే మధ్యలో ఆగిపోతుంది. మే 31న, తెల్లవారుజామున, ఆరు బోర్లూ కొలవండి. గోడ మీద అక్టోబరు అంకె చెరపకుండా దాని పక్కనే రాయండి. అనుకున్న పంటలే వేశారా, మట్టం పోయిన మే కంటే పైన ఉందా కింద ఉందా, కిందుంటే ఎన్ని అడుగులు, అన్నీ అక్కడే రాయండి. సిగ్గుపడాల్సిన అంకె వచ్చినా రాయండి. పై ఊరికీ కింది ఊరికీ ఫోన్ చేసి వాళ్ల అంకెలు కూడా రాసుకోండి.

ఆ సాయంత్రమే వాన డబ్బా దించి కడగండి. పోయినేడు మాదాంట్లో సాలీడు గూడు కట్టింది, మొదటి వాన 12 మి.మీ. పడిందో 14 పడిందో ఇప్పటికీ తేలలేదు.